నిజంగా తోలేనా?

"ముక్కు పెట్టి చూస్తావేమక్కా, అసలైన లెదరు అది," అన్నాడు సోమశేఖర్.

నాగరత్న వినిపించుకోలేదు. సోఫా వీపు మీదికి వంగి మరోసారి గట్టిగా వాసన పీల్చింది. రాబర్ట్‌సన్‌పేటలోని ఆ ఫర్నిచర్ షాపులో రెండేళ్లుగా మూలన పడి ఉన్న గోధుమరంగు సోఫా అది. దాన్ని ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఇప్పటిదాకా లేడు.

"ప్లాస్టిక్ వాసనొస్తా ఉండాది కదప్పా."

"అది పాలిష్ వాసనక్కా. వారంలో పోతాది."

"అట్లనా," అంది నాగరత్న. ఆమె ముఖం చిన్నబోయింది.

నమ్మడం లేదని సోమశేఖర్‌కి గుబులు పట్టుకుంది. కౌంటర్ దగ్గర ఓనరు చెన్నప్ప పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గానీ చెవులు రెండూ ఇటే ఉన్నాయి. సోఫాకి 'ప్యూర్ లెదర్' అని చీటీ అంటించింది ఆయనే. పొద్దున షట్టరు ఎత్తగానే సోమశేఖర్‌ని పిలిచి, "ఇయ్యాల ఇది పోవాల. లేకుంటే రేపట్నుంచి నువ్వు రావద్దు" అని తేల్చి చెప్పింది కూడా ఆయనే.

సోమశేఖర్ పదేళ్లపాటు చీకటితో రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక దిగిన మనిషి. కూతురు నిద్రపోతుంటే చూడడమే తప్ప దానితో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఈ షాపులో చేరాకే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తింటున్నాడు. ఆ రైలు మళ్లీ ఎక్కాలంటే అతనికి ఏడుపొస్తుంది.

"గుడ్డ సోఫాలు చూస్తావా అక్కా?" అన్నాడు, పోనీ ఏదో ఒకటి అమ్ముడుపోతుందని.

"గుడ్డది వద్దప్పా. పాడి ఉండే ఇల్లు మాది. పాలు ఒలికితే తుడిస్తే పోవాల. ఇదైతే ఎత్తుగా కూడా ఉండాది. మా అత్తకు మోకాళ్లు పోయినాయి, నేల మీద కూర్చుంటే లేయలేదు."

"అయితే ఇంగేం, ఆమెకోసమే చేసినట్టుండాది!"

నాగరత్న నిట్టూర్చింది. "పోయినేడు మా ఆయన ఒకటి తెచ్చినాడు. అదేం సరుకో సరిగా చెప్పకుండా అమ్మినారు. మా అత్త ఇట్ల చెయ్యేసి తడిమింది. అంతే, ఇంగ దాని మీద కూర్చోలే. ఏడాదిగా నేల మీదనే ఉండాది. లేసేటప్పుడు ఆమె పడే బాధ చూడలేక పోతా ఉన్నాను. మళ్లా అట్లాంటిదే తీసుకపోతే నా మొగం కూడా చూడదు."

సంచిలోంచి నీళ్ల సీసా తీసి, సోఫా చేతి మీద ఒక చుక్క వేసింది. "తోలైతే నీళ్లు పీల్చుకుంటాదంట. ఫోన్లో చూసినాను."

చుక్క గుండ్రంగా అక్కడే నిలబడింది. ఇద్దరూ వంగి దాన్నే చూశారు.

"దిగలేదే!" అంది నాగరత్న చటుక్కున తలెత్తి.

దొరికిపోయాననుకున్నాడు సోమశేఖర్. "మంచి తోలుకు పైన కోటింగు ఇస్తారక్కా. నీళ్లు యాడ దిగుతాయి?"

నాగరత్న నీరుగారిపోయింది. అయినా వదల్లేదు. దిండు జిప్పు లాగి, లోపలి వైపు తిరగేసి చూసింది. "లోపల గుడ్డ నేత కనపడతా ఉండాది!"

"అది లైనింగ్. గట్టిగా ఉండాలని వేసింటారు."

అబద్ధానికి అబద్ధం అతుకుతూ పోతుంటే తనకింత పనితనం ఉందని సోమశేఖర్‌కి అప్పుడే తెలిసింది. తెలిసినందుకు సంతోషం మాత్రం కలగలేదు. నేల మీద చేతులు ఊని లేవబోతున్న ఒక ముసలామె పదేపదే కళ్లముందుకు వస్తోంది.

"వద్దులేప్పా. నా మనసు ఒప్పుకోలే," అంటూ నాగరత్న సంచి భుజానికి తగిలించుకుంది. కౌంటర్ దగ్గర పేపరు గరగరమంది.

"అక్కా, నమ్మక్కా!" సోమశేఖర్ వెంటపడ్డాడు.

ఆమె గడప దగ్గర ఆగింది. "నీకు పిల్లలుండారా?"

"ఒక కూతురు. నేత్ర."

"ఆ బిడ్డ మీద ఒట్టు పెట్టి చెప్పు. ఇది నిజంగా తోలేనా?"

సోమశేఖర్ ఓనరు వైపు చూశాడు. చెన్నప్ప కళ్లతోనే 'ఊఁ, చెప్పు' అంటున్నాడు. ఎన్ని అబద్ధాలైనా ఆడవచ్చు గానీ, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఎట్లా ఆడతాడు?

"కాదక్కా," అన్నాడు చివరికి. "రెక్సిన్. గోరంత తోలు కూడా లేదు దాంట్లో. ఇంతసేపూ నేను చెప్పిందంతా అబద్ధమే."

"ఒట్టా?"

"నా బిడ్డ మీద ఒట్టు."

"సోమశేఖరా!" అని అరిచి లేచాడు చెన్నప్ప. సోమశేఖర్ తల తిప్పలేదు. రేపటి రైలు టైము గుర్తొచ్చింది. బాధేసింది. ఆ బాధలోనే, చెప్పేశానన్న తేలిక కూడా కలిగింది.

నాగరత్న గడప దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. సంచి పక్కన పెట్టి, ఆ సోఫాలో నిండుగా కూర్చుంది.

"టెంపో మాట్లాడప్పా. ఇప్పుడే ఎక్కిచ్చేస్తాము."

"అక్కా... ఇది రెక్సిన్ అని చెప్తిని కదా!"

"వింటిని. నాకేం కావాలో ముందే చెప్పింటే, నువ్వు దానికి తగినట్టే చెప్పుండేవాడివి," అని నవ్వింది నాగరత్న.

"ఆవుతోలు మీద మా అత్త కూర్చోదు."