నల్లగుల్ల

ఉప్పుటేట్లో దొరికినదేదైనా వంటింటి యంత్రానికి చూపించాకే పొయ్యి వెలుగుతుంది. ఈ తీరపు జాతి అయితే పచ్చదీపం. బయటి నుంచి వచ్చిన జాతి అని తేలితే ఎర్రదీపం, దాన్ని చంపడానికి ఆ ఏట్లో మందు పోస్తారు. పక్క ఊరి ఏట్లో పోసి నాలుగేళ్లయింది. అక్కడ ఇప్పటికీ ఒక్క పీత లేదు.

ఆ ఉదయం నూకరత్నం ఏరుకొచ్చిన గుల్లల్లో ఒకటి నల్లగా ఉంది. అత్త కొర్లమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని నవ్వింది.

"నల్లగుల్లే! సూసి ముప్పై ఏళ్లయిపోనాది. ఈ గోడకేసిన సున్నం దీందే. మన ఏటిదే, సూపించీ."

నూకరత్నం చూపించింది. ఎర్రదీపం వెలిగింది.

"ఈ జాతి ఈ తీరంలో అంతరించిందని జాబితాలో ఉంది," అంది యంత్రం. "కనుక ఇది బయటి నుంచి వచ్చింది. నిర్ధారణకు మరోసారి చూపించండి."

"బయటిదేటి? నాను పుట్టకముందు నించీ ఉందిక్కడ!" అంది కొర్లమ్మ.

"మరోసారి చూపించండి."

"అత్తా, ఏట్లో మందు పోసేత్తారు," అంది నూకరత్నం.

కొర్లమ్మ గుల్లను రాతితో పగలగొట్టింది. మాంసం పచ్చిగానే మింగేసింది. చిప్పను పొడి చేసి పొయ్యి బూడిదలా ఊదేసింది.

"ఇప్పుడు సూపించమని అడగమను."

యంత్రం కాసేపు ఎదురుచూసి దీపం ఆర్పేసింది. నూకరత్నం ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు పక్కింటి పైడమ్మ కేక గోడ దాటి వినిపించింది.

"కొర్లమ్మత్తా! మన నల్లగుల్ల మళ్లీ వచ్చీసింది! బుట్టెడు దొరికినాయి! ఉండు, యంత్రానికి సూపించేసి అట్టుకొత్తాను!"