రెండో రోకలి

పని కోసం రాజాంలో ధాన్యం మిల్లులన్నీ తిరిగి తిరిగి, దాలమ్మ ఉత్త చేతులతో ఇంటిదారి పట్టింది. "వయసులో ఉన్నోళ్లకే పన్నేదు. నీకెక్కడ తెచ్చేదే ముసిల్దానా?" అన్నాడు ఆఖరి మిల్లు మేస్త్రీ. ఊళ్లో ఆమె దంపుళ్ల పనిని మింగేసినవీ ఆ మిల్లులే.

బాగా చీకటి పడ్డాక ఊరు చేరింది. మొదట్లోనే, ఒకప్పుడు ధాన్యం దంచిన పాత సావిడి. దానికి తాళం పడి చాలా కాలమైంది. ఇప్పుడు లోపల్నుంచి రోకటి పోటు వినిపిస్తోంది.

దుబ్బుమని ఒక పోటు. కాస్త నిశ్శబ్దం. మళ్లీ ఒక పోటు.

దాలమ్మ ఆగిపోయింది. ఒంటరిగా దంచే మనిషి అలా దంచదు. అది ఎదుటి మనిషి పోటుకు చోటు విడిచి దంచే చప్పుడు. పోటుపోటుకీ "హుఁ" అంటూ విడిచే ఆ ఊపిరి చిన్నతల్లిది. వయసంతా ఇద్దరూ ఒకే రోట్లో జోడుగా దంచారు. నిరుడు చిన్నతల్లి పోతే, ఒంటికి ఆఖరి నీళ్లు పోసింది దాలమ్మే.

తలుపు ఓరగా తెరిచి ఉంది.

"ఏటే ఒదినా, అలాగ నిలబడిపోనావు? రా, బోల్డు పనున్నాది."

దాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ పనికి రమ్మని ఆమెను ఒకరు పిలిచి ఎన్నాళ్లయింది! కొంగు నడుముకు బిగించి లోపలికి నడిచింది. చీకట్లోకి చెయ్యి చాపితే రెండో రోకలి దానంతటదే అరచేతిలో ఒదిగింది. వెచ్చగా ఉంది.

రోట్లో ఏముందో చూడకుండానే దాలమ్మ పోటు వేసింది.