బస్టాండులో కూత

నార్కట్‌పల్లి బస్టాండులో గిరి ఆ కాగితాన్ని పదోసారి బయటికి తీశాడు.

సాయంత్రం విమానం. హైదరాబాద్ బస్సు ఇంకా రాలేదు. కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధీ కావడం లేదు.

"ఏం కాయితం బిడ్డా అది?" పక్క బల్ల మీది ముసలాయన అడిగాడు. మాసిన గడ్డం, తెగిన చెప్పులు.

"వీసా. గల్ఫ్‌ల డ్రైవర్ పని."

ఆయన మెడ చాచి చూశాడు. అరబ్బీ అక్షరాల మీద వేలు పెట్టాడు.

"గిది డ్రైవర్ వీసా గాదు. గొర్లు గాసేది."

గిరికి ఒళ్లు మండింది. గొర్రెల వాసన వదిలించుకోవడానికే కదా డ్రైవింగ్ నేర్చుకున్నది!

"నీకు అరబ్బీ వస్తదా తాతా?" వెటకారంగా అడిగాడు.

"గీ ఒక్క మాట వస్తది. ఏజెంటు నిన్ను గొర్లు కాసుడు వస్తదా అని అడిగిండా?"

నిజమే, ఏజెంటు అడిగాడు. దేవరకొండ వాళ్లం, మందలో పుట్టినవాళ్లం, మాకు ఒకరు నేర్పాలా అని గిరే గొప్పగా చెప్పుకున్నాడు.

ముసలాయన వేలు కిందికి జరిగి, వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ పేరు దగ్గర ఆగింది. ఆ అక్షరాల ఆకారాన్ని గుర్తుపట్టినట్టు వాటినే తడిమింది.

"పోకు బిడ్డా. పాస్‌పోర్టు గుంజుకుంటడు. ఇకామా చేయియ్యడు. గా కార్డు లేకుంటే ఆ దేశంల ఉండనీకె నీకు హక్కు లేదు. రోడ్డు మీదికొస్తే పోలీసులు వడ్తరు."

గిరి వెంటనే ఏజెంటుకు ఫోన్ చేశాడు.

"బస్టాండుల పిచ్చోళ్ల మాటలింటే ఫ్లైట్ పోతది. మళ్ల వీసా దొరకది" అన్నాడు ఏజెంటు.

గిరి వినాలనుకున్న మాట అదే. విన్నాడు.

అంతలో బస్సు వచ్చింది. సంచి అందుకోబోతే ముసలాయన చొక్కా పట్టుకున్నాడు.

"ఆగుతలేవు గదా. జర గిదన్న నేర్చుకొని పో."

నాలుకను అంగిట్లో రెండుసార్లు టక్కుమనిపించి, గొంతెత్తి కూత పెట్టాడు.

"హుర్ర్... హోయ్ హో!"

బస్టాండంతా నవ్వింది. గిరికి తల కొట్టేసినట్టయింది.

"మా నాయిన కూత నాకున్నది. ఎవల మంద వాళ్ల కూతకే వస్తది, గంత తెల్వదా?" అని కసిరి, చేయి విదిలించుకుని బస్సెక్కాడు.

నెల తిరగకుండా గిరి ఎడారిలో ఉన్నాడు. పాస్‌పోర్టు కఫీల్ పెట్టెలో. ఇకామా ఊసే లేదు. ఎదురుగా రెండు వందల గొర్రెలు.

ఆ రోజు ఇసుక గాలి లేచి మంద చెదిరిపోయింది. ఒక్కటి తప్పినా కఫీల్ చావగొడతాడు.

గిరి తండ్రి కూత పెట్టాడు. ఒక్క గొర్రె కూడా తిరిగి చూడలేదు. మళ్లీ పెట్టాడు. గొంతు ఎండిపోయింది, ఏడుపు తన్నుకొచ్చింది.

ఇంక ఏమీ తోచక, నాలుకను అంగిట్లో రెండుసార్లు టక్కుమనిపించాడు.

"హుర్ర్... హోయ్ హో!"

చెవి తెగిన ముసలి గొర్రె ఒకటి చటుక్కున తలెత్తింది. దాని వెనకే మంద మందంతా, తమ పాత కాపరి తిరిగి వచ్చాడనుకుని, గిరి వైపు పరుగెత్తుకొచ్చింది.