అంత బలం అక్కర్లేదు

సోమవారం తెల్లవారుతుండగా పాల కోసం మెట్లు దిగిన అద్దాల మాస్టారికి, తన స్కూటర్ పక్కన గొంతుక్కూర్చున్న మనిషి కనిపించాడు.

కింది వాటాలో ఒంటరిగా అద్దెకుంటున్న మూగాయన.

మాటలు రాక కాదు, అవసరమైతే తప్ప మాట్లాడడు కాబట్టి ఆ పేరు. ఏదో ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని. ఇప్పుడాయన చేతిలో నూనె గుడ్డ ఉంది, పక్కన స్పానరు ఉంది.

"ఏం చేస్తున్నారక్కడ?"

మూగాయన లేచి నిలబడ్డాడు.

"ఊరికే చూస్తున్నానండి."

"పెట్రోలు తీస్తూ చూస్తున్నారా?"

ఆయన తల దించుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ తల దించుకోవడంతో మాస్టారి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది.

మాస్టారు కళ్లజోళ్ల షాపులో పదిహేనేళ్లుగా ఆవగింజంత స్క్రూలు బిగిస్తున్నాడు. ఇంత లావు బోల్టులు నాకో లెక్కా అని, ఏడాది కిందట మెకానిక్కుకి ఓ నమస్కారం పెట్టేశాడు. నెలనెలా మొదటి ఆదివారం ఇంజను పని తనదే. ప్లగ్గు తుడవడం, తగ్గితే కాస్త ఆయిలు పోయడం, కంటికి కనిపించిన బోల్టునల్లా పళ్లు బిగబట్టి తిప్పడం.

బండి నడిపేది మాత్రం భార్య. ఆసుపత్రిలో నర్సు. రోజూ పొద్దున్నే డ్యూటీకి దానిమీదే వెళ్తుంది.

ఏడాదిలో ఒక్కసారీ మొరాయించలేదు. షాపులో, చుట్టాలిళ్లలో మాస్టారు ఆ సంగతి చెప్పని రోజు లేదు.

మొదట్లో ఓ ఆదివారం మూగాయన వచ్చి నిలబడి, "కింద ఆయిలు బోల్టుకి అంత బలం అక్కర్లేదండి" అన్నాడు.

"మీరు మెకానిక్కా?"

"కాదండి."

"మరింకేం."

ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

పెట్రోలు దొంగతనం కబురు ఆ రోజే ఇంటి ఓనరు చెవిన పడింది. ఆయన అలాంటి మనిషిలా లేడండీ, పోనిద్దురూ అని భార్య చెప్పి చూసింది. మాస్టారు వింటేనా. వారం తిరక్కుండా కింది వాటా ఖాళీ అయింది.

వెళ్లే రోజున మూగాయన ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పరుపు చుట్ట పట్టుకుని, గేటు దగ్గర నర్సమ్మ కనిపిస్తే ఆగాడు.

"బండి తీసేముందు రోజూ కింద నేల ఓసారి చూసుకోండమ్మా. తడిగా ఉంటే ఎక్కకండి."

మెట్లమీద నిలబడి విన్న మాస్టారు, పోతూ పోతూ కూడా పెద్దరికమే అని నవ్వాడు.

నర్సమ్మ నాలుగు రోజులు చూసింది. డ్యూటీ హడావిడిలో ఐదో రోజు మర్చిపోయింది.

తర్వాతి నెల మొదటి ఆదివారం మాస్టారు మొదటిసారిగా పాత ఆయిలంతా దించి కొత్తది పోశాడు. కింది బోల్టు మరలో తెల్లటి పీలికలేవో ఇరుక్కుని ఉంటే, అవి కంపెనీ వాళ్లు పెట్టినవేమో, పాతబడ్డాయనుకున్నాడు. శుభ్రంగా గీకి పారేసి, బోల్టుని బలమంతా పెట్టి బిగించాడు.

గురువారం మలుపులో వెనక చక్రం జారి నర్సమ్మ పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. వెనకొస్తున్న లారీ బెత్తెడు దూరంలో ఆగింది.

మెకానిక్కు బోల్టు విప్పి మాస్టారి అరచేతిలో పెట్టాడు.

"దీని మర ఎప్పుడో అరిగిపోయిందండి. బలం ఎక్కువై. ఎవరో నెలనెలా తెల్ల టేపు చుట్టి, మెల్లిగా బిగించి నెట్టుకొచ్చారు. ఈసారి చుట్టలేదు. ఆయిలు కారి టైరుమీద పడింది."

టేపు చుట్టింది మీరేనా అని అడిగాడు.

మాస్టారికి నెలనెలా మొదటి ఆదివారం మర్నాడు తెల్లవారుజామున, తను నిద్రలో ఉండగా, కింద ఏం జరిగేదో అప్పుడర్థమైంది. ఏడాదిపాటు తను చెప్పుకు తిరిగిన పనితనం ఎవరిదో కూడా.

ప్రెస్సుకి వెళ్లాడు. పని మానేశాడన్నారు. బతిమాలితే చెల్లెలి చిరునామా ఇచ్చారు.

తలుపు తీసినావిడకి మాస్టారు తనెవరో చెప్పాడు. క్షమాపణ మాట నోటికి రాకముందే ఆవిడ అడిగింది.

"నర్సమ్మగారు బాగున్నారా?"

జరిగింది చెప్పాడు.

"ఆయనతో ఒక్క మాట చెప్పుకోవాలమ్మా."

"అన్నయ్య ఇక్కడ లేడండి. ఎక్కడికెళ్తున్నాడో మాకూ చెప్పలేదు. ఫోను కూడా ఉంచుకోలేదు."

తిరిగి వెళ్లబోయిన మాస్టారు గుమ్మం దగ్గర ఆగాడు.

"మెకానిక్కు కాదన్నారాయన. మరి ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"స్కూటర్ జారి వదిన పోయాక నేర్చుకున్నాడండి... అంతకుముందు దాని బోల్టులన్నీ తనే ఇంట్లో, మీలాగే, బలంకొద్దీ బిగించేవాడు."