మూడోసారి తిరిగొచ్చిన బండి

"మళ్ళీ అదే గొడవ అబ్బాయ్. గేరు పడట్లేదు."

డ్రిల్లు మాస్టారు తన మోటారు సైకిలును తోసుకుంటూ షెడ్డులోకి వచ్చి స్టాండు వేశారు. కుడికాలి వైపు గేరుండే పాతకాలపు బండి. ఆయన చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. వారం రోజుల్లో ఇది మూడోసారి.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీదికి విసిరాడు. బెంచీ మీద తమ బళ్ళ కోసం కూర్చున్న నలుగురూ తలలెత్తారు.

"మొదటిసారి క్లచ్ కేబుల్ బిగించాను. రెండోసారి కేబులే కొత్తది వేశాను. ప్లేట్లు విప్పి చూపిస్తే అద్దంలా ఉన్నాయని మీరే అన్నారు. ఇంకేం చెయ్యమంటారు మాస్టారూ?"

"ఏమోనయ్యా. క్లచ్ పట్టుకున్నా బండి ముందుకే దూకుతోంది. గేరు మార్చబోతే కరకరమంటోంది. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడక ఆగిపోయాను. వెనక బస్సువాడు తిట్టిపోశాడు."

మెకానిక్ వంగి చూశాడు. కేబుల్ చివర నట్టు మళ్ళీ వదులైంది. దానంతటది వదులయ్యే నట్టు కాదది. ఎవరో పానా పెట్టి తిప్పిన గీత తాజాగా మెరుస్తోంది. పాత బళ్ళంటే ఈ చుట్టుపక్కల తన పేరే చెబుతారు. ఇంతమంది ముందు ఆ పేరు పోయేలా ఉంది.

"ఎవరు తిప్పారు దీన్ని?"

"నేను ముట్టుకోలేదు."

"అయితే మీ ఇంట్లో దయ్యాలు తిప్పుంటాయి. చేతులు దురదపెడితే గోడకి రాసుకోండి మాస్టారూ, బండి జోలికి పోకండి!"

బెంచీ గొల్లున నవ్వింది. మైదానం ఆ చివరి దాకా వినబడేలా అరిచే మాస్టారి గొంతు ఒక్కసారిగా సన్నబడిపోయింది.

"నిజంగానే ముట్టుకోలేదయ్యా..."

మెకానిక్ వినిపించుకోలేదు. నట్టు బిగించి, బండెక్కి వీధి చివరి దాకా వెళ్ళొచ్చాడు. గేర్లన్నీ చెప్పినమాట విన్నట్టు పడ్డాయి.

"రండి, ఎక్కండి. నా కళ్ళముందు గేరు వెయ్యండి. లోపం బండిదో మనిషిదో ఇప్పుడే తేలిపోతుంది."

మాస్టారు ఎక్కి కూర్చున్నారు. వీపు మాత్రం ఎప్పటిలాగే నిటారుగా ఉంది. ఎడమచెయ్యి క్లచ్ మీదికి వెళ్ళింది. నాలుగు వేళ్ళూ దాన్ని చుట్టుకుని సగం దాకా లాగాయి, అక్కడే ఆగిపోయాయి. ఆయన ఎవరికీ కనబడకుండా కుడిచెయ్యి కూడా సాయం తెచ్చుకోబోయారు. ఈలోగా కాలు గేరు మీద పడింది. బండి టక్కున ఎగిరి ఆగిపోయింది.

బెంచీ మళ్ళీ నవ్వింది. మెకానిక్ నవ్వలేదు.

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తలెత్తకుండా పెట్రోలు ట్యాంకు మీద లేని దుమ్ము తుడుస్తున్నారు.

మెకానిక్‌కి అర్థమైంది. చేతిలో పట్టు లేదు. బిగుతుగా ఉన్న క్లచ్ పట్టలేక ఆయనే ఇంటి దగ్గర వదులు చేసుకుంటున్నారు. అలా చేస్తే బండి మొరాయిస్తోంది. ఆ మాట నోరు తెరిచి చెప్పుకోలేకపోయారు. చెప్పుకోలేని మనిషిని పట్టుకుని పదిమందిలో గోడకి రాసుకోమన్నాడు తను! ఎవరో చెంప మీద కొట్టినట్టు మొహం మండిపోయింది.

"తేలిపోయిందిగా!" అన్నాడు బెంచీ మీది లావుపాటాయన.

"తేలిపోయింది," అన్నాడు మెకానిక్ అందరికీ వినబడేలా. "తప్పు నాదే. క్లచ్ విప్పినప్పుడు వేరే స్ప్రింగులు వేశాను. ఇంత బిగుతైతే పహిల్వాను కూడా పట్టలేడు. క్షమించండి మాస్టారూ. సాయంత్రానికి ఇచ్చేస్తాను."

మాస్టారు ఆశ్చర్యంగా అతని వంక చూశారు. తల ఊపి నడిచి వెళ్ళిపోయారు.

ఆ రోజు మెకానిక్ వేరే బండి ముట్టుకోలేదు. మెత్తటి స్ప్రింగులు వెతికి వేశాడు. కేబుల్‌ని లాగే మీటకి రెండంగుళాల ముక్క అతికి పొడుగు చేశాడు. కేబుల్ నిండా గ్రీజు పట్టించాడు. తన చిటికెనవేలుతో లాగి చూసుకున్నాక గానీ పానా కింద పెట్టలేదు.

సాయంత్రం మాస్టారు రెండు వేళ్ళతో క్లచ్ పట్టారు. ఒకటి, రెండు, మూడు, గేర్లన్నీ వరసగా పడ్డాయి. వీధి చివర మలుపు తిరిగి, మళ్ళీ వచ్చి ఆగారు.

"ఇలా నడిపి నాలుగు నెలలైంది," అంటూ అతని భుజం తట్టారు. మెకానిక్ ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

మర్నాడు షెడ్డు తలుపు తీస్తుండగా మాస్టారి బండి హారను మోగించుకుంటూ దూసుకుపోయింది. అరగంట తర్వాత ఆయన భార్య వచ్చింది. నడిచి కాదు, దాదాపు పరుగెత్తుకుంటూ.

"నాయనా, మా ఆయన ఇటొచ్చారా?"

"పెద్దరోడ్డు వైపు వెళ్ళారమ్మా. ఇంకేం దిగుల్లేదు. ఎంత దూరం పోయినా ఆ బండి ఆగదు, నాదీ పూచీ."

ఆమె బెంచీ మీద కూలబడింది. చేతిసంచిలోంచి చిన్న పానా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ నెలలో మూడుసార్లు నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే స్పృహ తప్పి పడిపోయారు నాయనా. డాక్టరు బండి ఎక్కనే వద్దన్నాడు. నేను చెబితే వినరు, నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేరు. అందుకే రోజూ ఆయన స్నానానికి వెళ్ళగానే దీంతో ఆ కేబుల్ నేనే వదులు చేస్తున్నాను... ఇవాళ స్నానం కూడా చెయ్యకుండా వెళ్ళిపోయారు."