భాగ్యలక్ష్మి సంచి

"గా తాడెందుకు?" గడప మీద కూర్చున్న హన్మవ్వ అడిగింది.

రామస్వామి తాడును మోచేతికి చుట్టుకుంటూ మంచం మీది సామాను వైపు చూశాడు. వీపుకు తగిలించుకునే పెద్ద సంచి, నెత్తికి కట్టుకునే లైటు, విజిల్, వాన కోటు, మడిచిన ప్లాస్టిక్ పరదా, నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, కవరులో చుట్టిన అగ్గిపెట్టె, అటుకులు, పుట్నాలు, బెల్లం. వరదొస్తే ఏమేం దగ్గర ఉంచుకోవాలో పంచాయతీ వాళ్ళు పంచిన కాగితం చూసి ఒక్కొక్కటే సర్దుతున్నాడు. నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. మంజీర అప్పటికే చెరుకు తోటల్లోకి వచ్చేసింది. నాలుగింటికి ట్రాక్టరు వస్తుంది. ఊరంతా బోధన్ బడికి తరలిపోవాలి.

"నడుముకు నడుముకు కట్టుకుంటే నీళ్ళల్ల తప్పిపోం," అన్నాడు.

"ఎవలెవల నడుముకు?"

"నాకు, భాగ్యలక్ష్మికి."

ఆ పేరు పలికి, ఆగి, హన్మవ్వ ముఖంలోకి చూశాడు. మంట ఎంతవరకు అంటుకుందో చూస్తున్నాడనుకుంది ఆమె. ముఖం తిప్పుకుంది.

వినీ వినీ ఆ పేరంటేనే ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. ఫోనులో డాక్టరుతో కూడా ఆ ముచ్చటే. భాగ్యలక్ష్మికి నిద్ర పడుతలేదు సార్, భాగ్యలక్ష్మి సక్కగ తింటలేదు సార్. హన్మవ్వ ఎన్ని రాత్రులు ఇంటికప్పు చూస్తూ తెల్లవార్చిందో అడిగిన పాపాన పోలేదు. నెల తిరిగేసరికి నిజామాబాద్ పోయి మందులు తెస్తాడు. ఆ కవరు మీదా ఆ పేరే. ఇప్పుడు సంచి మీద కూడా రాస్తున్నాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్ల తూకం రాసిన చేయి అది. గుండ్రటి అక్షరాలు, కింద తన ఫోను నంబరు.

"ఎన్నడన్న నా పేరు మీద ఒక్క సంచి కొన్నవా?"

"ఒక్కటి సాలదా?"

"సాలకేం, ముగ్గురికీ సాలుతది. ఒక్కటే దుప్పటి గూడ పెట్టు, ముగ్గురం కప్పుకుందాం."

రామస్వామి మూతి బిగబట్టాడు. నవ్వు ఆపుకున్నాడో, మరింకేదైనా ఆపుకున్నాడో తెలియలేదు. పెట్టెలోంచి నీలం చీర తీసి మడత పెట్టాడు.

"అది నా చీర."

"నీదే."

"నా చీర గామెకు కట్టబెడ్తవా?"

"తడిస్తే మార్సుకోనీకి ఒకటుండాలె గద."

తప్పు చేసినవాడి గొంతు కాదది. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. లేచి వంటింట్లోకి పోయింది.

వాకిట్లో అంగన్‌వాడీ టీచర్ వినీత గొంతు వినిపించింది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటోంది.

"బాపూ, మీ ఇంట్లకెల్లి ఎందరొస్తున్నరు?"

"ఇద్దరం బిడ్డా. నేను, భాగ్యలక్ష్మి."

హన్మవ్వ గోడ పట్టుకుంది. ఇద్దరమట.

"ట్రాక్టర్ దిగినంక జరంత నడక ఉంటది బాపూ. ఆమె నడుస్తదా?"

"నడువకుంటే ఎత్తుకుంట. ఆమెను ఇడిసిపెట్టి నేనైతే పోను."

ఇన్నాళ్ళూ ఆ మనిషి తమ మధ్యకు వచ్చిందనుకుంది హన్మవ్వ. ఇప్పుడు తనకు చోటే లేకుండా పోయింది. నీళ్ళొస్తే ఈ ఇంట్లో తనొక్కతే.

రామస్వామి బర్రెను విప్పి గట్టు మీదికి తోలడానికి పోయాడు. ఆమె మంచం దగ్గరికి వచ్చింది. సంచి తెరిచి మందుల కవరు తీసింది. రేకులు చించి ఒక్కొక్క బిళ్ళనూ వాకిట్లో నిలిచిన వాననీళ్ళలోకి విసిరింది. తినకుంటే తినకపోనీ. నిద్ర పట్టకుంటే పట్టకపోనీ. తెల్లటి బిళ్ళలు నీళ్ళలో కరిగి పాలచుక్కల్లా విచ్చుకుంటుంటే చూస్తూ నిలబడింది. చేతులెందుకు తడిశాయో ఆమెకు కాసేపటి దాకా తోచలేదు.

తిరిగొచ్చిన రామస్వామి ఖాళీ రేకులు చూశాడు. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చొని, కరగని బిళ్ళల కోసం వేళ్ళతో వెతికాడు. దొరికిన నాలుగింటినీ తువ్వాలతో అద్ది జేబులో వేసుకున్నాడు.

"గామె మీద గంత పానమా?"

"పానమే."

"మరి నేనెవల్ని?"

ఆయన తడి చేతులు తుడుచుకోవడం మరిచిపోయాడు.

"సెప్పు. నేనెవల్ని నీకు?"

"నువ్వు మోర్తాడ్ హన్మవ్వవు," అన్నాడు మెల్లగా. "పసుపు చేన్ల దొరసానివి. పెండ్లిసూపులప్పుడు నా ముంగట చాయ్ పెట్టి, సక్కెర ఎయ్య మరిసినవు."

"మరువలే. కావాలనే ఎయ్యలే. నువ్వేమంటవో సూద్దామని."

"సూసినవ్ గద. ఏమనకుంట తాగిన."

ఆమె పెదవుల మీద నవ్వు తొణికింది. వెంటనే ఆగిపోయింది. "నన్నీడ ఇడిసిపోతవా?"

"పోను. పా, పోదాం."

ట్రాక్టరు వచ్చింది. సంచి వీపుకు తగిలించుకొని, రామస్వామి ఆమెను పొదివి పట్టుకొని పైకెక్కించాడు. పక్కనే కూర్చున్నాడు. పట్టుకున్న చేయి వదల్లేదు. హన్మవ్వ తిరిగి వీధి మొగదాకా చూసింది. ఎవరూ పరుగెత్తుకు రావడం లేదు.

వినీత కాగితం చూస్తూ కేకేసింది. "బాపూ, భాగ్యలక్ష్మి ఎక్కిందా?"

"ఎక్కింది బిడ్డా."

హన్మవ్వ ట్రాలీలో ఉన్న ఆడవాళ్ళ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా వెతికింది. ఆయన వైపు ఎవరూ చూడటం లేదు. ఆయన కూడా ఎవరినీ చూడటం లేదు. అబద్ధమాడాడు. తన కోసం ఆమెను వదిలేసి వచ్చాడు. ఎన్నాళ్ళకో ఆమె గుండె కుదుటపడింది. ఆయన భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

పెళ్ళిపీటల మీద హన్మవ్వకు అత్తింటివాళ్ళు పెట్టిన, ఇప్పుడామె మరిచిపోయిన పేరు భాగ్యలక్ష్మి.