ముందు నడిచే మనిషి

"మీరు ముందు నడవండి సార్. మీ అడుగే మిగతావాళ్ళకి కొలత," అంది గైడు.

రిటైరైన రైలు డ్రైవరు ఆ మాటతో కొండ ఎక్కకముందే ఒక మెట్టు ఎక్కేశాడు. ఉద్యోగమంతా ఇంజనులో కూర్చుని వెనకాల ఎంత బరువున్నా లాక్కుపోయిన మనిషి. చేతికర్ర సర్దుకుని, బావమరిది వైపు ఒక చూపు విసిరాడు. మందుల షాపు నడిపే బావమరిది వెళ్ళి వరసలో చివర నిలబడ్డాడు.

రోజుల తరబడి సాగే నడకలో కొండ ఎక్కాల్సిన రోజు అది. రాత్రికి కొండమీది బసలో పడక. మర్నాటి దారి ఇంకా కష్టం. అందుకని నడవలేరనిపించిన వాళ్ళని పొద్దున్నే జీపులో కిందికి పంపేస్తానని గైడు ముందే చెప్పేసింది. డ్రైవరుకి తన గురించి చింత లేదు. బెంగంతా బావమరిది గురించే. మా తమ్ముణ్ణి మధ్యలో వదిలేసి రాకండని భార్య మరీ మరీ చెప్పి పంపింది. వాణ్ణి జీపెక్కిస్తే ఆవిడకి ఏ మొహం చూపించాలి?

దారి నిటారుగా లేచింది. మలుపు మలుపుకీ డ్రైవరు ఆగి, లోయనీ మబ్బులనీ కర్రతో చూపించి, ఇలాంటివి చూడకుండా పోతే ఎలాగని అందరికీ చెప్పాడు. అతను ఆగితే అందరూ ఆగారు. దాటి వెళ్ళే సాహసం ఒక్కరూ చెయ్యలేదు. ఆ మర్యాదకి అతని మనసు నిండిపోయింది.

అతని వెనకే నడుస్తున్న పళ్ళ డాక్టరమ్మా, ఆమె భర్తా పెరట్లోని వంగమొక్కల గురించి కబుర్లు మొదలుపెట్టి, పెళ్ళయిన కొత్తలోని అలకల దాకా వచ్చారు. కొండెక్కేటప్పుడు ఈ ముచ్చట్లేమిటని మందలిద్దామనుకుని కూడా, ఊపిరి వృథా చేసుకోవడం ఇష్టంలేక అతను ఊరుకున్నాడు. మధ్యాహ్నం తిరిగాక వెనకవాళ్ళు ఒక్కొక్కరే స్వెట్టర్లు తొడుక్కున్నారు. తన చొక్కా మాత్రం తడిసి వీపుకి అంటుకుపోయింది. పాపం, వీళ్ళ ఒంట్లో వేడే లేదని జాలిపడ్డాడు.

బావమరిది సంగతి మరీ అన్యాయం. వెనక్కి తిరిగినప్పుడల్లా ఏదో ఒక బండ మీద కూర్చునే కనిపించాడు. ఒకసారి బూటు లేసు కట్టుకుంటూ, ఒకసారి గడ్డిపువ్వుని ఫొటో తీస్తూ, ఇంకోసారి నారింజపండు వలుచుకుంటూ.

"ఏరా, కాళ్ళు పీకుతున్నాయా?"

"నువ్వు పద బావా. నీ వెనకే ఉన్నా."

"సిగ్గుపడకురా. కావాలంటే ఇంకా మెల్లగా నడుస్తాను."

బావమరిది తొన నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "వద్దులే బావా," అన్నాడు.

బస చేరేసరికి వెలుగు పల్చబడింది. బస చూసుకునే ముసలావిడ అడక్కుండానే వేణ్ణీళ్ళ బకెట్టు తెచ్చి డ్రైవరు ముందు పెట్టింది. పాదాలు ముంచగానే ప్రాణం లేచొచ్చింది. ముందు నడిచిన మనిషికి ఆమాత్రం గౌరవం దక్కాల్సిందే అనుకున్నాడు. కానీ జీపు సంగతి తేలలేదు. పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్న గైడుని పిలిచి, గొంతు తగ్గించాడు.

"మా బావమరిది కాస్త నెమ్మది, నిజమే. జీపెక్కించకండమ్మా. రేపు వాడి కోసం నేనే అడుగు తగ్గిస్తాను."

గైడు పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. చీకటి పడకముందే చేరాం కాబట్టి ఎవరినీ కిందికి పంపనంది. రేపు కూడా ఇదే వరస, ఆయనే ముందు అంది.

డ్రైవరు గుండెల మీంచి బరువు దిగిపోయింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బావమరిదిని కేకేసి, ఎదురుగా బల్ల మీద కూర్చోబెట్టాడు.

"నన్నే ముందు ఎందుకు పెట్టారో వీడికి చెప్పండమ్మా. విని నేర్చుకుంటాడు."

"ఇప్పుడెందుకు బావా, నీళ్ళు చల్లారిపోతాయి," అన్నాడు బావమరిది పైకప్పు వైపు చూస్తూ.

గైడు కూడా సూపు తయారైందేమో చూసొస్తానని లేవబోయింది. డ్రైవరు వదల్లేదు. చెప్పాల్సిందేనన్నాడు. డాక్టరమ్మ మొహం స్వెట్టరు మెడలో దాచుకుంది.

గైడు మళ్ళీ కూర్చుని, వీలైనంత మెత్తగా చెప్పింది:

"గుంపులో అందరికన్నా నెమ్మదైన వాళ్ళనే ముందు నడిపిస్తాం సార్."